మేత లెక్క తెలిసిన రైతు, ప్లేటు లెక్క: నెల్లూరు నుంచి ఒక బరువు తగ్గింపు కేసు

43 ఏళ్ల పురుషుడు, వనామీ రొయ్యల రైతు. నెల్లూరుకు తూర్పున, సముద్రం వైపు ఆరు రొయ్యల గుంటలు (చెరువులు) సాగు చేస్తున్నారు. ఇంట్లో భార్య, తల్లి, పద్నాలుగేళ్ల కొడుకు. 2025 జనవరిలో, పండగ అయిన వారానికి, ఒక ఫిజీషియన్ చీటీ రాసి, తిండి, వ్యాయామం చూసే నా దగ్గరికి పంపారు. మూడు నెలలు తిండి, వ్యాయామంతో చూద్దాం, తగ్గకపోతే మందులు మొదలుపెడదాం అన్నది ఆ చీటీ సారాంశం. ఆయన అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు కొన్ని మార్చాను.

మొదటి రోజు కొలతలు ఇవి. ఎత్తు 171 సెంటీమీటర్లు, బరువు 94.6 కిలోలు, ఎత్తును బట్టి బరువు లెక్క చెప్పే బీఎంఐ 32.4. బొడ్డు దగ్గర నడుము 112 సెంటీమీటర్లు. బీపీ 138/88. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2. రక్తంలో కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు 268, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 36, కాలేయం పరిస్థితి చెప్పే ఎస్‌జీపీటీ 71. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్, అంటే కాలేయంలో కొవ్వు. థైరాయిడ్ మామూలుగానే ఉంది. మెట్లు ఎక్కితే ఆయాసం, కింద కూర్చుని లేస్తే కుడి మోకాలు నొప్పి, రాత్రి గురక. తండ్రికి షుగర్ ఉండేది, చివరి రెండేళ్లు డయాలసిస్ మీదే ఉన్నారు. నా దగ్గరికి వచ్చింది డాక్టరు చీటీ కోసం కాదు, నాయన గుర్తొచ్చి వచ్చానని ఆయనే చెప్పారు.

బీఎంఐ గురించి ఒక మాట. 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అన్నవి ప్రపంచమంతటికీ పెట్టిన గీతలు. మనవాళ్లకు అదే బరువులో కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట చుట్టూ చేరుతుంది. అందుకే భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క వేస్తాం. నడుము మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఈ లెక్కన ఈయన ఎప్పుడో పదేళ్ల కిందటే గీత దాటి ఉంటారు. ఊళ్లో మాత్రం ఎవరూ లావు అనలేదు. "మనిషి నిండుగా ఉండాడు" అనేవాళ్లట.

ఇంతకుముందు రెండుసార్లు తగ్గారు. ఒకసారి అన్నం పూర్తిగా మానేసి, నెయ్యి, కొబ్బరినూనె తాగుతూ ఉండే పద్ధతి. ఇంకోసారి డబ్బాల్లో వచ్చే షేక్ పౌడరు. మొదటి దాంట్లో 9 కిలోలు పోయి, ఎనిమిది నెలల్లో 11 కిలోలు వచ్చాయి. పౌడరు సంగతి అడిగితే నవ్వి ఊరుకున్నారు. అందుకే మూడోసారి డైట్ షీటు చేతికిచ్చి పంపడం నాకు ఇష్టం లేకపోయింది. ఆయన దగ్గర లేనిది పట్టుదల కాదు. రెండు పద్ధతులూ పంట బాగున్న రోజుల్లో మొదలై, గుంటలో గొడవ వచ్చిన వారంలో ఆగిపోయాయి. రొయ్యల రైతుకు ఏడాదిలో గొడవ లేని నెలలు ఎన్ని? ఈ కేసులో నేను ముందునుంచీ చూసుకున్నది ఆ ఒక్కటే: గడ్డు నెలలో కూడా ఎంతో కొంత మిగిలి ఉండే పద్ధతి కావాలి.

ఏం తింటున్నారో తెలుసుకోవడం

మామూలుగా నేను మూడు రోజుల తిండి రాసుకుని రమ్మంటాను. ఆయన రాసుకొచ్చింది సగం కాగితం. పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. "మధ్యలో ఏం తినను మేడం" అన్నారు. అబద్ధం కాదు. టీ, బిస్కెట్లు, గట్టు మీద నలుగురూ కలిసి తినే మిక్చరు ఆయన లెక్కలో తిండి కావు, అంతే.

అప్పుడు ఆయన పని గురించి అడిగాను. గుంటకు పూటకు ఎన్ని కిలోల మేత వేస్తారు, ఎలా నిర్ణయిస్తారు అని. మనిషి మారిపోయాడు. రోజుకు నాలుగు పూటలు మేత, ప్రతి గుంటలో చెక్ ట్రేలు, మేత వేసిన రెండు గంటలకు ట్రే పైకి లాగి ఎంత మిగిలిందో చూడటం, మిగిలితే తర్వాతి పూట తగ్గించడం, వారానికోసారి వల వేసి సగటు బరువు తూచడం. పోయిన పంటలో ఎఫ్‌సీఆర్ 1.3 వచ్చిందని చెప్పారు. అంటే కిలో రొయ్య పెరగడానికి 1.3 కిలోల మేత. మేత ఎక్కువైతే అడుగున కుళ్లి నీళ్లు చెడతాయి, డబ్బులు పోతాయి. కాబట్టి గ్రాముల్లో లెక్క. ఇంత లెక్క తెలిసిన మనిషికి నేను కేలరీల పాఠం చెప్పక్కర్లేదు. ఆయన చెక్ ట్రేని వంటింట్లోకి తెచ్చుకుంటే చాలనిపించింది. ఆ మాటే చెప్పాను. రెండోసారి భార్యనూ తీసుకొచ్చారు. సంచిలో గుంట దగ్గర రొయ్యలు తూచే డిజిటల్ కాటా కూడా ఉంది.

ఆవిడ ఇంట్లో వేపుడుకు నూనె ఎలా వేస్తారో చూపించమన్నాను. నా దగ్గరున్న ఖాళీ మూకుడు కాటా మీద పెట్టి, నూనె సీసా చేతికిచ్చాను. ఆవిడ చెయ్యి వంచి, రోజూ వేసే అలవాటుతో, ఒక చుట్టు తిప్పి ఆపారు. కాటా 46 గ్రాములు చూపించింది. గ్రాముకు 9 కేలరీల చొప్పున 414. నలుగురికి ఒక పూట బెండకాయ వేపుడు అది. పప్పు తాలింపు, పులుసు వేరే. ఆయన ఆ అంకె వంక చూసి, "ఇది నాలుగు పూటల మేత లెక్కలో పడలేదే" అన్నారు. ఆవిడకు కొంచెం కోపం వచ్చింది. "నూనె పైకి తేలకపోతే చేపల పులుసు పులుసేనా అనేది ఎవురు?" అని అడిగారు. అక్కడ నేను మధ్యలోకి వెళ్లలేదు.

ఇంటికి నెలకు ఐదు లీటర్ల టిన్ను ఒకటి, అరకిలో నెయ్యి. ఐదు లీటర్ల నూనె దాదాపు నాలుగున్నర కిలోలు. నలుగురికి పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు. బయట తినే టిఫిన్లలోది దీంట్లో లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, 2000 కేలరీల రోజుకు వాడుకోదగ్గ నూనె 27 గ్రాములని ఉంది. నలుగురిలో తక్కువ తినే ముసలావిడ ఒకరు ఉన్నారు కాబట్టి ఈయన వాటా 38 కంటే ఎక్కువే.

తర్వాత టీ. గుంట దగ్గర షెడ్డులో పెద్ద ఫ్లాస్కు ఉంటుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే సమయం కాబట్టి మూడింటికి లేచి ఏరేటర్లు చూసుకోవాలి. అప్పుడో టీ. కరెంటు పోతే ఇంకో టీ. మేత కుర్రాళ్లు వస్తే టీ. కొనుగోలు వాళ్లు వస్తే టీ. మొత్తం ఏడు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. అంటే 70 గ్రాములు, 280 కేలరీలు, పాలు కాకుండా.

మిగతాది త్వరగా చెప్తాను. పొద్దున దారిలో హోటల్లో నెయ్యి కారం దోసెలు రెండు, లేదా పులిబొంగరాలు. మధ్యాహ్నం ఇంటి నుంచి క్యారియర్, అన్నం తూస్తే 450 గ్రాములు. సాయంత్రం బజ్జీలో పునుగులో. రాత్రి పదిన్నరకు మళ్లీ అన్నం. వారానికి రెండుసార్లు స్నేహితులతో క్వార్టరు. 180 మిల్లీలీటర్ల విస్కీలో ఆల్కహాలు ఒక్కటే దాదాపు 425 కేలరీలు, పక్కన పెట్టుకునే వేయించిన చికెన్ వేరే. అన్నీ కలిపితే రోజుకు 3000 దగ్గర తేలింది. ప్రోటీన్ మాత్రం 60 గ్రాముల లోపే. నడక లేదు, గట్ల మీద తిరిగేది బైకు మీద.

మార్చినవి, మార్చకుండా వదిలేసినవి

మొదటి లక్ష్యం 7 శాతం, అంటే ఆరున్నర కిలోలు. ఈ అంకె గాల్లోంచి తీసింది కాదు. అమెరికాలో 2002లో ఫలితాలు వెలువడిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో పెట్టుకున్న లక్ష్యం అదే. 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. షుగర్ రాబోయే దశలో ఉన్నవాళ్లలో ఆ జబ్బు రావడం 58 శాతం తగ్గింది. ఆయన 20 కిలోలు తగ్గాలనుకుని వచ్చారు. ముందు 88 చూద్దాం అన్నాను.

అన్నం మాన్పించలేదు. నెల్లూరు వాళ్లను అన్నం మానమనడం వైద్యం కాదు, శిక్ష. మొలగొలుకుల వరి పండించిన నేల ఇది, ఇప్పుడు పొలాల నిండా నెల్లూరు మసూరి. ఆయన పొలం కౌలుకిచ్చినా తిండిగింజలు మాత్రం సొంతవే తెచ్చుకుంటారు. ఇంట్లో ఒక స్టీలు గిన్నె ఎంచుకుని తూచమన్నాను. తలకొట్టి నింపితే 180 గ్రాముల అన్నం పట్టింది. మధ్యాహ్నం ఆ గిన్నెడు, రాత్రి ముప్పావు గిన్నె. ముందు కూర, పప్పు, చేప తిని, ఆ తర్వాత అన్నం కలుపుకోవడం. పెరుగన్నానికి విడిగా అన్నం పెట్టుకోకుండా ఉన్న దాంట్లోనే నాలుగు ముద్దలు మిగుల్చుకోవడం ఆయన సొంతంగా కనిపెట్టుకున్న కిటుకు. పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టుండదు మరి.

కొర్రలు, సామలు తినమంటారా అని అడిగారు. ఇష్టమైతే తినొచ్చు, పీచు ఎక్కువ, మంచిదే. కానీ వంద గ్రాముల కొర్రబియ్యంలో కేలరీలు వరి బియ్యానికి దాదాపు దగ్గరగానే ఉంటాయి. గిన్నె కొలత లేకుండా కొర్రన్నం పెట్టుకుంటే బరువుకు ఒరిగేదేమీ లేదు. ఆయనకు ఆ రుచి పడలేదు, నేను బలవంతపెట్టలేదు. బియ్యం మాత్రం బాగా పాలిష్ పట్టినవి మాని, మిల్లులో ఒక పట్టు తక్కువ వేయించుకుంటున్నారు.

ప్రోటీన్ పెంచడం ఈ కేసులో అసలు మలుపు. రోజుకు 80 గ్రాములు లక్ష్యంగా పెట్టాం. చేపల ఊళ్లో ఉండి ఆయన చేప తినేది వారానికి ఒకటి రెండుసార్లు, అదీ రెండు ముక్కలు. గిన్నె నిండా పులుసు పోసుకుని, ఆ పులుసుతో అన్నం మూడుసార్లు కలుపుకునేవాళ్లు. దాన్ని తిరగేశాం. ముక్కలు నాలుగు, అంటే 150 గ్రాములు, పులుసు రెండు గరిటెలు. వారంలో ఐదు రోజులు చేపో రొయ్యో. బొచ్చె, కొరమీను, నెత్తళ్లు, ఏది దొరికితే అది. నెత్తళ్లు వేయించకుండా చింతచిగురుతోనో మామిడికాయతోనో ఇగరబెట్టడం. పొద్దున రెండు కోడిగుడ్లు. సాయంత్రం పునుగుల జాగాలో గుప్పెడు ఉడికించిన శనగలు. పప్పు గట్టిగా, పెరుగు ఒక కప్పు.

రొయ్యల సంగతి చెప్పాలి. సంవత్సరానికి టన్నుల లెక్కన పండించే మనిషి, కొలెస్ట్రాల్ అని భయపడి రొయ్యలు తినడం మానేశారు. రొయ్యలో కొలెస్ట్రాల్ ఉన్న మాట నిజం. కానీ రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా పెంచేది తిండిలోని సంతృప్త కొవ్వు. రొయ్యలో అది చాలా తక్కువ. వంద గ్రాముల్లో 20 గ్రాముల ప్రోటీన్, కేలరీలు వంద లోపు. తప్పు రొయ్యది కాదు, దాన్ని ముంచి తీసే నూనెది. వారానికి ఒకరోజు ఇగురు తినమన్నాను. పంటలో తల విరిగిన సరుకు ఇప్పుడు ఇంటికే వస్తోంది.

నూనె విషయంలో ఆవిడకు నేను చెప్పింది ఒకే పద్ధతి. నెల మొదట్లో మూడు లీటర్లు సీసాల్లో పోసుకోవాలి, నెలాఖరు దాకా అవే. పూటపూటకూ చెంచా కొలవమంటే ఏ ఇల్లాలూ వారం దాటి చెయ్యదు. మూడు లీటర్లంటే మనిషికి రోజుకు 23 గ్రాములు. మొదటి నెల ఇరవై నాలుగో తేదీకే సీసా అయిపోయింది, రెండో నెల ఇరవై తొమ్మిదికి. మూడో నెలలో మిగిలింది. పులుసు మీద నూనె తేలడం ఆగిపోయాక వాళ్ల అత్తగారు మాత్రం "నా కోడలు నూనె దాస్తా ఉండాది" అని చుట్టాలందరికీ చెప్పారట.

టీ మూడుకు తగ్గింది, ఒక్కోదాంట్లో ఒక చెంచా. షెడ్డులో ఫ్లాస్కు తీసేసి, మజ్జిగ కుండ పెట్టారు. ఇది తేలిగ్గా రాస్తున్నాను గానీ, మొదటి పది రోజులు తలనొప్పి, చిరాకు. పనివాళ్ల మీద అరిచానని ఆయనే చెప్పారు. టిఫిను ఇంట్లో. వారానికి ఒకరోజు హోటలు కారం దోసె ఉంది, దాన్ని తీసెయ్యలేదు. బిస్కెట్లు, మిక్చరు షెడ్డులోకి రాకూడదన్నది మాత్రం గట్టి నియమం. ఉప్పు, అప్పడాలు, పచ్చళ్ల గురించి బీపీ కారణంగా చెప్పాను. ఆవకాయ విషయంలో నా మాట పెద్దగా చెల్లలేదు.

గట్ల మీద నడక

జిమ్ములో చేరతానన్నారు. ఊరి నుంచి నెల్లూరుకు ముప్పావు గంట, పంట మీద ఉండగా కుదిరే పని కాదు. ఆరు గుంటల గట్లన్నీ చుట్టి వస్తే కిలోమీటరు పైచిలుకు వస్తుంది. బైకు షెడ్డు దగ్గర ఆపి, చెక్ ట్రేలు చూసే పూటల్లో రెండు నడిచి తిరగాలి, అదీ మాట్లాడటానికి వీలై పాట పాడటానికి వీలుకానంత వేగంతో. పొద్దున రెండు చుట్లు, సాయంత్రం ఒకటి. వారానికి 150 నిమిషాలు ఇట్టే దాటిపోయాయి. కొత్తగా టైము తీయాల్సిన పని లేకపోవడం ఇందులో ఉన్న సుఖం.

నడక ఒక్కటే సరిపోదు. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, నలభై దాటినవాళ్లలో అది మళ్లీ రావడం కష్టం. వారానికి రెండు రోజులు కండకు పని పెట్టాం. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం పన్నెండుసార్లు, గోడకు చేతులు పెట్టి తోయడం, ఐదు లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు చేతులా పట్టుకుని నడవడం, మెట్టు ఎక్కి దిగడం. మూడు చుట్లు, ఇరవై అయిదు నిమిషాలు. మోకాలు నొప్పి ఉంది కదా అని మొదట ఎత్తు కుర్చీతో మొదలుపెట్టాం. మార్చికి మామూలు కుర్చీ, జూన్‌కు పీట. మేత బస్తా 25 కిలోలు. అది ఎత్తితే వ్యాయామం కాదా అని అడిగారు. నడుము వంచి ఎత్తకుండా, మోకాళ్లు వంచి ఎత్తితే అవుతుంది. ఎలా ఎత్తాలో నేర్పాను.

నెలలు ఎలా గడిచాయి

ఫిబ్రవరి చివరికి 90.9. ఇందులో కిలోన్నర దాకా నీళ్లే అయ్యుండొచ్చు, ఆ మాట ముందే చెప్పాను. లేకపోతే రెండో నెల చూసి నిరాశపడతారు. మార్చి చివరికి 88.7.

ఏప్రిల్ మొదట్లో అమెరికా కొత్త సుంకాలు ప్రకటించింది. మన రొయ్యలకు అదే పెద్ద మార్కెట్ కావడంతో వారం తిరక్కుండానే ఇక్కడ కౌంటు రేట్లు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న దాన్ని బట్టి ఇచ్చే ధరలు, పడ్డాయి. గుంటలో సరుకు పట్టాలా ఆపాలా అన్న టెన్షన్‌తో ఆ నెల నిద్రే లేదు. నెలాఖరుకు 88.1, అంటే ఆరు వందల గ్రాములు. ఆయన ముఖం వాడిపోయింది. నడుము కొలిచాను, మూడు సెంటీమీటర్లు తగ్గింది. ఫిజీషియన్ చేయించిన హెచ్‌బీఏ1సీ 5.9. అప్పుడు ఆయనకు చెన్నైలో జరిగిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ గురించి చెప్పాను. 2006లో ఫలితాలు వచ్చాయి. మనలాంటి తిండి, మనలాంటి శరీరాలు. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో బరువు పెద్దగా తగ్గకపోయినా షుగర్ రావడం 28.5 శాతం తగ్గింది. కాటా కదలని నెల వృథా నెల కాదనడానికి నా దగ్గర ఇంతకంటే మంచి ఆధారం లేదు.

అదే రోజుల్లో బరువు తగ్గించే ఇంజక్షన్ గురించి అడిగారు. మౌంజారో ఆ మార్చిలోనే మన దేశంలోకి వచ్చింది, వాట్సాప్ గ్రూపుల్లో అదే చర్చ. నాకు ఆ మందుల మీద వ్యతిరేకత ఏమీ లేదు. అవసరమైనవాళ్లకు బాగా పనిచేస్తాయి, ఈయన బీఎంఐకి రాయొచ్చు కూడా. వారానికోసారి వేసుకునే వయలు అప్పటి ధర మోతాదును బట్టి 3,500, 4,375 రూపాయలు. ఆపేస్తే బరువు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. మందు వేసుకున్నా ప్రోటీన్, వ్యాయామం తప్పవు. ఫిజీషియన్, ఆయన కూర్చుని మాట్లాడుకుని, తగ్గుతోంది కదా, ఆగి చూద్దాం అనుకున్నారు.

మే నెల ఎండల్లో నడక తెల్లవారుజాముకు మారింది. మామిడిపండ్ల మీద పెద్ద చర్చే జరిగింది. బంగినపల్లి ఒకటి, రెండు వందల గ్రాముల గుజ్జు, 120 కేలరీల పైన. రోజుకు సగం పండు, భోజనం తర్వాత కాకుండా సాయంత్రం శనగలతో. జూన్ మధ్యకు 85.6. మొదటి లక్ష్యం దాటి చాలా దూరం వచ్చారు. జులైలో రొట్టెల పండుగకు ఆవిడ స్వర్ణాల చెరువుకు వెళ్లి ఆరోగ్య రొట్టె పట్టుకున్నారు. అది గోధుమ రొట్టె కాబట్టి డైట్‌లో ఉందా అని ఈయన హాస్యం.

ఆగస్టు 27 నుంచి సుంకం 50 శాతానికి చేరింది. ఈసారి దెబ్బ గట్టిది. రెండు గుంటల్లో పంట వేయకుండా ఆపేశారు. బాకీలు, రాత్రుళ్లు మాటలు, మళ్లీ క్వార్టర్లు, మళ్లీ షెడ్డులో మిక్చరు. సెప్టెంబరులో అనుకున్న రోజుకు రాలేదు. ఫోన్ చేస్తే, "ముఖం చూపించలేక రాలేదు మేడం" అన్నారు.

ఇలాంటి రోజుల కోసమే మార్చిలో మేం ఒక కాగితం రాసి పెట్టుకున్నాం. గడ్డు వారంలో మూడే పనులు: పొద్దున రెండు గుడ్లు, టీ మూడు దాటకపోవడం, రోజుకు ఒక చుట్టు కాలినడక. అన్నం గిన్నె, నూనె సీసా, కుర్చీ వ్యాయామం అన్నీ మానేసినా పర్లేదు, ఈ మూడు మానకూడదు. సోమవారం సోమవారం బరువు చూసి వాట్సాప్‌లో పెట్టాలి, అంకె ఎంతైనా సరే. ఆయన సోమవారం అంకెలు రెండు వారాలు పెట్టలేదు, మూడో వారం పెట్టారు. టీ నాలుగైంది, ఐదు కాలేదు. నడక సగం రోజులు జరిగింది. ఇంట్లో నూనె లెక్క ఆవిడ చేతిలో ఉంది కాబట్టి దానికి గండి పడలేదు. సెప్టెంబరు చివరికి 86.8. ఆగస్టు చివర 84.9 ఉన్న మనిషి 1.9 కిలోలు పెరిగారు. కొవ్వు డైట్ మానేశాక ఎనిమిది నెలల్లో 11 కిలోలు పెరిగిన మనిషే ఈయన. ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపించాను. నేను ఇంకేమీ అనలేదు.

అక్టోబరులో మళ్లీ దారిలో పడ్డారు. నెలాఖరులో మొంథా తుపాను. వానకు గట్లు జారుడుబండలయ్యాయి, కరెంటు లేదు, ఏరేటర్లు జనరేటరు మీద. నడక బదులు ఇంటి వరండాలో, మెట్ల మీద. ఈశాన్య రుతుపవనాల కాలమంతా ఇక్కడ ఇదే తంతు కాబట్టి ఇంట్లో చేసే పద్ధతి ముందే నేర్పి ఉంచడం మంచిది. నవంబరు చివరికి 84.3, డిసెంబరు చివరికి 82.7.

ఫలితాలు

పదకొండు నెలల పైన 11.9 కిలోలు, మొదటి బరువులో 12.6 శాతం. నడుము 112 నుంచి 98.5. బీపీ 126/80, మందు లేకుండా. హెచ్‌బీఏ1సీ 5.6. ట్రైగ్లిజరైడ్లు 154, ఎస్‌జీపీటీ 38, ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1. హెచ్‌డీఎల్ 36 నుంచి 39కే చేరింది, అది ఇంకా తక్కువే. పీట మీద నుంచి చెయ్యి ఆనించకుండా లేస్తున్నారు, మోకాలు నొప్పి మెట్లు దిగేటప్పుడు మాత్రమే. ఆవిడ నా పేషెంటు కాదు, అయినా నాలుగు కిలోలు తగ్గారు. ఒకే పొయ్యి మీద వండే ఇంట్లో ఒక్కరికే డైట్ రాయడంలో అర్థం లేదని నాకు ఎప్పటినుంచో ఉన్న అభిప్రాయం. పిల్లవాడి టిఫిన్ బాక్సులో కూడా గుడ్డు చేరింది.

ఈ ఫలితాల్లో ఏది దేనివల్ల వచ్చిందో విడదీసి చెప్పడం కుదరదు. ఒకేసారి నాలుగు మార్పులు చేశాం. నా అంచనాలో మొదటి మూడు నెలల్లో టీ చక్కెర, సాయంత్రం నూనె తిండి, అన్నం కొలత ఎక్కువ పనిచేశాయి. తర్వాతి నెలల్లో ఆకలిని అదుపులో పెట్టింది ప్రోటీన్. రాత్రి పదిన్నరకు రెండోసారి అన్నం పెట్టుకోవడం దానంతటదే ఆగిపోయిందని ఆయన చెప్పడం దానికి గుర్తు. నడకతో బరువు కంటే షుగర్, బీపీ, మనసు బాగుపడ్డాయనుకుంటాను.

మిగిలినవి తక్కువేం కాదు. బీఎంఐ ఇప్పుడు 28.3, మన గీత ప్రకారం ఇంకా ఊబకాయమే. తర్వాతి లక్ష్యం 78 అనుకున్నాం, గడువు పెట్టలేదు. క్వార్టరు రెండు వారాలకు ఒకసారికి వచ్చింది. ఫ్యాటీ లివర్ ఉంది కాబట్టి పూర్తిగా మానమని ఫిజీషియన్, నేను ఇద్దరం చెప్తున్నాం. గురక తగ్గింది గానీ పోలేదు. మధ్యాహ్నం భోజనం కాగానే కూర్చున్నచోటే కునుకు పడుతోందంటున్నారు. తెల్లవారుజామున మూడింటికి లేవడం వల్ల అని ఆయన లెక్క. మెడ చుట్టుకొలత 42 సెంటీమీటర్లు, నిద్రలో ఊపిరి ఆగుతోందేమోనని నాకు అనుమానం. స్లీప్ స్టడీకి ఫిజీషియన్ రాసిచ్చి రెండు నెలలైంది. సరుకు పట్టుబడి అయ్యాక వెళ్తానంటున్నారు.